నీటి మీద డ్రోన్ ఎవరి మాట నమ్ముతుంది?

చలికాలం పొద్దున రంభ రేవులో చిలికా సరస్సు పళ్లెంలో పోసిన నూనెలా కదలకుండా ఉంటుంది. అలాంటి పూట కెమెరా డ్రోన్‌ను నీటికి రెండు మీటర్ల ఎత్తున నిలిపి, రిమోట్ స్టిక్కుల మీంచి వేళ్లు తీస్తే కొన్నిసార్లు ఒక వింత జరుగుతుంది. గాలి లేదు. బ్యాటరీ నిండుగా ఉంది. ఉపగ్రహాలు ఇరవై దాకా అందాయి. అయినా డ్రోన్ ఉన్నచోట ఉండదు. మెల్లగా పక్కకు జరుగుతుంది, ఒక్కోసారి జానెడు జానెడుగా కిందికి దిగుతుంది. స్క్రీన్ మీద ఎత్తు అంకె మాత్రం మారదు.

యంత్రం చెడిపోలేదు. దాన్ని గాల్లో నిలబెట్టేది నలుగురు సాక్షుల మాట: ఉపగ్రహాల సిగ్నల్, కడుపు కింద ఉన్న చిన్న కెమెరా, దాని పక్కనున్న ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్, గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్. నేల మీద నలుగురూ దాదాపు ఒకే మాట చెబుతారు. నీటి మీద అలా కాదు. ఇద్దరు తడబడతారు, ఒకరు అబద్ధం చెబుతారు, ఆ అబద్ధాన్నే డ్రోన్ నమ్మే ఎత్తు ఒకటుంటుంది. ఆ ఎత్తు ఏదో తెలిస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి.

బరంపురం, గోపాల్‌పూర్ నుంచి కొరాపుట్, మల్కన్‌గిరి దాకా ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఎగరేసేవాళ్లకు సముద్రం, నదీముఖం, ఉప్పు సరస్సు, కొండల మధ్య రిజర్వాయర్ అన్నీ చేరువలోనే ఉన్నాయి. ఒక్కో నీటి తీరు ఒక్కోటి.

కింద చూసే కన్ను

కడుపు కింది కెమెరా నేల మీది గుర్తులను పట్టుకుంటుంది: గడ్డి, రాయి, సిమెంటు పగులు. ఆ గుర్తులు జరిగినట్టు కనిపిస్తే తాను జరిగానని లెక్కేసుకుని ఎదురు దిశలో సర్దుకుంటుంది. ఈ కన్ను పనిచేస్తున్నంతసేపు చిన్న డ్రోన్లు అడ్డంగా 30 సెంటీమీటర్ల లోపు కచ్చితంగా నిలుస్తాయి. కేవలం ఉపగ్రహాల మీద ఆధారపడితే అది మీటరున్నర అవుతుంది. అందుకే తక్కువ ఎత్తులో సాఫ్ట్‌వేర్ కన్ను మాటకే ఎక్కువ విలువిస్తుంది.

నీటి మీద ఆ విలువే కొంప ముంచుతుంది. అల కదిలితే నేల కదిలిందనుకుని డ్రోన్ అల వెంట పోతుంది. నీరు నిశ్చలంగా ఉంటే ఇంకో చిక్కు: మబ్బుల నీడ తప్ప పట్టుకోవడానికి గుర్తులే ఉండవు. పైగా రెండు మూడు మీటర్ల ఎత్తులో రెక్కల గాలే నీటి మీద వలయాలు పుట్టిస్తుంది. డ్రోన్ తాను లేపిన అలలనే చూసి తాను మోసపోతుంది.

ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పరిస్థితి ఇంకా అన్యాయం. అది వెలుగు పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి ఎత్తు కొలుస్తుంది. నీరు ఆ వెలుగును కొంత మింగేస్తుంది, కొంత పక్కకు తిప్పేస్తుంది. ఉన్న ఎత్తు కంటే ఎక్కువ ఉన్నానని తప్పు లెక్క వస్తే డ్రోన్ సరిదిద్దుకోవడానికి కిందికి దిగుతుంది. అదే సమయంలో మీరు ఎత్తును నడిపే ఎడమ స్టిక్‌ను పూర్తిగా కిందికి లాగి పట్టుకుంటే అది నేల దొరికిందనుకుని మోటార్లు ఆపేయవచ్చు. నీటి మీద ఎప్పుడూ ఎడమ స్టిక్‌ను అడుగంటా లాగకూడదు. దిగాలంటే కొద్దికొద్దిగా.

చిన్న డ్రోన్లలో ఈ కన్ను బాగా పనిచేసేది అర మీటరు నుంచి పది మీటర్ల దాకా. పది దాటాక ఉపగ్రహాల మాటే చెల్లుతుంది. కాబట్టి నీటి మీద హాయిగా ఎగరాల్సిన ఎత్తు పది మీటర్ల పైన. కొన్ని మోడళ్లలో కింది సెన్సర్లను ఆపే స్విచ్ ఉంటుంది, ఉంటే నీటి మీదికి వెళ్లే ముందు ఆపి, దిగే ముందు మళ్లీ పెట్టుకోవచ్చు. చాలా చిన్న మోడళ్లలో అది లేదు. వాటికి ఎత్తే మందు.

నీళ్లను రాసుకుంటూ పోయే షాట్ కావాలని పెళ్లివాళ్లు అడుగుతారు. దానికి మీటరు ఎత్తున ఎగరక్కర్లేదు. ఐదారు మీటర్ల ఎత్తులో ఆగకుండా ముందుకు పోతూ, కెమెరాను పట్టుకుని వంచే గింబల్‌ను పది పదిహేను డిగ్రీలు దించి, జూమ్ ఉన్న కెమెరా అయితే రెండింతలు పెడితే చూసేవాడికి అదే అనుభూతి వస్తుంది. ఒకే చోట నిలబడటం కంటే కదులుతూ ఉండటమే ఇక్కడ నయం. మీ చేయి స్టిక్ మీద ఉంటుంది కనుక జారుడును వెంటనే సరిదిద్దుతారు. గాలి కదలని సరస్సు మీద మూడు మీటర్లు, సముద్రం మీద అల శిఖరానికి పైన ఐదు మీటర్లు: ఇంతకన్నా దిగనివ్వకపోవడం మంచిది.

వంతెనల కింద ఇంకో ఉచ్చు. మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ దగ్గర 2018 జూలైలో తెరిచిన గురుప్రియ వంతెన పొడవు 910 మీటర్లు. అంత నీటి మీద అంత వంతెన కనిపిస్తే కింద నుంచి దూరి రావాలనిపించడం సహజం. ఇది ఏ వంతెనకైనా వర్తించే సంగతి: స్లాబ్ కిందికి వెళ్లగానే ఉపగ్రహాలు పోతాయి. కింద నీరు కనుక కన్నూ పనిచేయదు. అంటే ఇద్దరు సాక్షులూ ఒకేసారి లేచిపోయారు. డ్రోన్ ఇక గాలి ఎటు తోస్తే అటు. ఆ క్షణంలో సిగ్నల్ కూడా తెగితే, డ్రోన్‌ను లేచిన చోటికి తనంతట తాను రప్పించే రిటర్న్ టు హోమ్ చేసే మొదటి పని నిట్టనిలువుగా పైకి లేవడం. పైన స్లాబ్ ఉంది.

ఎత్తు అంకె దేని నుంచి?

స్క్రీన్ మీద కనిపించే ఎత్తు నీటి నుంచి కాదు, డ్రోన్ లేచిన చోటు నుంచి. కొలాబ్ జలాశయం ఒడ్డున నీటికి 40 మీటర్ల పైనున్న గుట్ట మీంచి లేపారనుకోండి. నీటికి ఐదు మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు అంకె మైనస్ 35 చూపిస్తుంది. గుట్ట ఎత్తు కళ్లతో అంచనా వేసి 40 అనుకున్నది నిజంగా 36 అయితే, మీ ఐదు మీటర్లలో మిగిలింది ఒక్కటే.

బారోమీటర్ కూడా అంత నమ్మకస్తుడు కాదు. గాలి ఒత్తిడి ఒక్క హెక్టోపాస్కల్ మారితే అది ఎనిమిది మీటర్లకు పైగా తేడాగా చదువుతుంది. ఇరవై నిమిషాల్లో వాతావరణం అంత మారకపోవచ్చు గానీ అందులో పావు వంతు మారినా రెండు మీటర్లు. వేగంగా పోయి ఒక్కసారిగా ఆగినప్పుడు డ్రోన్ చుట్టూ ఒత్తిడి మారి మీటరో రెండో కూలబడటమూ ఉంది. నేల మీద ఇది ఎవరూ గమనించరు.

కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సాంద్రత గోపాల్‌పూర్ ఒడ్డున ఉన్నదాని కంటే ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ. అదే బరువు మోయడానికి మోటార్లకు నాలుగైదు శాతం ఎక్కువ పవర్ కావాలి. దీనికి చలికాలపు చలి తోడైతే డ్రోన్ లేవగానే బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది. జేబులోనో స్వెట్టర్ లోపలో పెట్టుకుని కాస్త వెచ్చబడ్డాక ఎక్కించి, ఒడ్డు మీదే ఒక నిమిషం గాల్లో నిలిపి, అప్పుడు నీటి మీదికి పంపాలి.

గాలి లెక్క

ఒడ్డున నిలబడి ముఖానికి తగిలిన గాలిని బట్టి నిర్ణయం తీసుకోవడం చాలామంది చేసే పొరపాటు. గోపాల్‌పూర్ తీరంలో సరుగుడు తోపుల చాటున లేపితే అక్కడ ఆకు కదలదు. తోపు దాటి నాలుగు పదుల మీటర్లు లేవగానే అసలు గాలి తగులుతుంది. తోపు చివర, ఖాళీ ఇసుక మీద నిలబడి చూడాలి. జాలరులు పడవలు దించని రోజున డ్రోన్ సంచిలోంచి తీయకపోవడమే మేలు. వాళ్లకు తెలిసిన గాలి ఏ యాప్‌కూ తెలియదు.

ఒక లెక్క వేసి చూద్దాం. నార్మల్ మోడ్‌లో సెకనుకు 10 మీటర్లు పోయే డ్రోన్. ఒడ్డు నుంచి నీటి వైపు సెకనుకు 7 మీటర్ల గాలి. గాలి వాలుగా 1,200 మీటర్లు వెళ్లడానికి పట్టేది 70 సెకన్లు. తిరిగి రావడానికి మిగిలే వేగం సెకనుకు 3 మీటర్లే కనుక 400 సెకన్లు, అంటే ఆరు నిమిషాల నలభై సెకన్లు. వెళ్లేటప్పుడు బ్యాటరీ ఐదు శాతం కూడా తగ్గలేదని మురిసిపోయినవాడు వచ్చేటప్పుడు చెమటలు కక్కుతాడు. గాలి సెకనుకు 10 మీటర్లు అయిందంటే నార్మల్ మోడ్‌లో అది ఉన్నచోటే ఈదుతూ ఉంటుంది.

అందుకే మొదట గాలికి ఎదురుగా వెళ్లాలి. ఇక్కడ మామూలు ఆలోచనకు తిరగబడే విషయం ఒకటుంది. మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే గాలి జోరుగా ఉంటుంది, అందరూ దానికే భయపడతారు. కానీ అది డ్రోన్‌ను ఒడ్డుకే తోస్తుంది. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు వీచే గాలి మెత్తనిది, కానీ దారి తప్పుడుది. మెత్తగా ఉన్నంతకాలం పర్లేదు. ఎండాకాలం సాయంత్రాల్లో పడమట మబ్బు నల్లబడితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించకూడదు. కాలబైశాఖి, అంటే ఎండాకాలపు ఉరుముల గాలివాన, నేల మీంచే వస్తుంది, పది నిమిషాల్లో కమ్మేస్తుంది, చిన్న డ్రోన్లు తట్టుకోగల సెకనుకు 10.7 మీటర్ల హద్దును తేలిగ్గా దాటుతుంది.

ఎదురుగాలిలో ఇరుక్కుంటే చేయాల్సింది రిటర్న్ టు హోమ్ నొక్కడం కాదు. ముందు పెట్టుకున్న ఎత్తు 100 మీటర్లైతే అది మొదట అక్కడికి లేస్తుంది, అక్కడ గాలి ఇంకా ఎక్కువ. దాన్ని రద్దుచేసి, చేత్తో 20 మీటర్లకు దించి, అన్నిటికన్నా వేగంగా పోయే స్పోర్ట్ మోడ్‌లో ముక్కు సూటిగా ఒడ్డు వైపు పెట్టాలి. ఒడ్డున మీరున్న చోటికే రావాలన్న పట్టు వద్దు. ఏ ఇసుక దగ్గరైతే అక్కడ. స్పోర్ట్ మోడ్‌లో అడ్డంకుల సెన్సర్లు పనిచేయవని గుర్తుండాలి. ఒడ్డున సరుగుడు చెట్లున్నాయి, గంజాం తీరమంతా మొగలి పొదలున్నాయి. మొగలి పొదలోంచి డ్రోన్ తీసినవాడి చేతులు వారం దాకా మానవు.

బ్యాటరీ పూర్తిగా అడుగంటితే డ్రోన్ తనంతట తాను దిగడం మొదలుపెడుతుంది, కింద ఉన్నది నీరని దానికి పట్టదు. అప్పుడు ఎడమ స్టిక్ పైకి నొక్కి పట్టుకుంటే దిగుడు నెమ్మదిస్తుంది, కుడి స్టిక్‌తో ఒడ్డు వైపు జరపవచ్చు. ఆ స్థితి రాకూడదంటే నీటి మీద సగం బ్యాటరీకి వెనక్కి తిరగాలి, 30 శాతానికి ఒడ్డు మీద ఉండాలి. నేల మీద 15 శాతం దాకా సాగదీసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

సిగ్నల్ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. రిమోట్ నుంచి పోయే తరంగం ఒకటి నేరుగా, ఇంకొకటి నీటికి తగిలి డ్రోన్‌ను చేరతాయి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోట్లు ఉంటాయి, అక్కడ వీడియో ఉన్నట్టుండి ముక్కలవుతుంది. పైగా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరు దూరానికి, మధ్య దారిలో తరంగానికి చుట్టూ ఐదున్నర మీటర్ల ఖాళీ కావాలి. నీటికి రెండు మీటర్ల ఎత్తున పోతే ఆ ఖాళీలో కొంత భాగం నీరే. ఐదారు మీటర్లు పైకి లేపగానే సిగ్నల్ తిరిగి రావడం అందుకే. మీరు కూడా ఒడ్డు అంచున కాకుండా కాస్త ఎత్తున నిలబడండి. ఎలాగూ చిన్న డ్రోన్ మూడు నాలుగు వందల మీటర్లు దాటితే కంటికి ఆనదు. కంటిచూపులో ఉంచుకోవాలన్నది నిబంధన కూడా.

పడవ మీంచి

చిలికాలో పడవ మీంచి లేపేవాళ్లు డ్రోన్లు పోగొట్టుకోవడానికి ఒక కారణం హోమ్ పాయింట్. లేచిన క్షణంలో ఎక్కడుందో అదే డ్రోన్‌కు ఇల్లు. పడవ గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున మెల్లగా సాగినా పది నిమిషాల్లో 830 మీటర్లు దాటిపోతుంది. సిగ్నల్ తెగిందా, డ్రోన్ బుద్ధిగా తిరిగొచ్చి, మీ పడవ పది నిమిషాల కింద ఉన్న నీటిలో దిగుతుంది.

కాబట్టి పడవ ఎక్కకముందే సెట్టింగుల్లో సిగ్నల్ తెగితే ఏం చేయాలన్న చోట తిరిగిరావడం బదులు ఉన్నచోట నిలవడం ఎంచుకోవాలి. అది నిలిచి ఉండగా పడవను దాని దగ్గరికి పోనిస్తే సిగ్నల్ దొరుకుతుంది. గాల్లో ఉండగా రెండు మూడు నిమిషాలకోసారి హోమ్ పాయింట్‌ను రిమోట్ ఉన్న చోటికి మార్చుకుంటూ ఉండాలి. ఇది యాప్‌లో ఒక్క నొక్కు పని, కానీ షాట్ మోజులో మరిచిపోయేది ఇదే. పక్కన కూర్చున్నవాళ్లకు ఆ పని అప్పగించి, ‘హోమ్ మార్చావా’ అని అడుగుతూ ఉండమనండి.

కంపాస్ సర్దుబాటు పడవ మీద చేయకూడదు. ఇంజను, ఇనుప కమ్మీలు, గ్యాస్ సిలిండర్ దగ్గర చేస్తే తప్పు ఉత్తరం నేర్చుకుంటుంది, గాల్లోకి లేచాక గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఊగే పడవలో స్విచ్ వేస్తే వంపును, తిరుగుడును కొలిచే గైరో తనను తాను సరిచూసుకోలేక కదపవద్దని గొడవ చేస్తుంది. రేవులోనే ఆన్ చేసి సరిచూసుకోవడం, లేదా పడవ నిలకడగా ఉన్న నిమిషం చూసి చేత్తో గట్టిగా పట్టుకుని ఆన్ చేయడం మార్గాలు.

దిగేది చేతిలోకే. సరంగుతో ముందే మాట్లాడి ఇంజను ఆపించాలి. టాపు, తాళ్లు, జెండా కర్ర లేని వైపు ఎంచుకోవాలి. డ్రోన్‌ను తల కంటే పైన, చేయి చాపితే అందే ఎత్తులో నిలిపి, పట్టుకునేవాడు కింది నుంచి అరచెయ్యి పెట్టి ఒడుపుగా పట్టుకోవాలి, మీరు ఎడమ స్టిక్ కిందికి లాగి మోటార్లు ఆపేదాకా వదలకూడదు. పడవ ఊగుతోందని కన్ను తప్పుగా చూసి డ్రోన్ చేతిలోంచి తప్పించుకోవాలని చూస్తుంది, అందుకే బలంగా. కళ్లద్దాలు తప్పనిసరి. లుంగీ అంచులు, చున్నీలు, పొడుగు జుట్టు రెక్కలకు దూరంగా ఉండాలి.

చిలికా లోతు తక్కువ చోట్ల రొయ్యల పెంపకానికి కట్టిన వెదురు గుంజలు, వలలు నీటి పైకి లేచి ఉంటాయి. వాటిని డ్రోన్ సెన్సర్లు చూడలేవు. కరెంటు తీగలూ అంతే. గద్దలు, నీటి కాకులు వెంటపడితే ఎడాపెడా తిప్పకుండా నిటారుగా పైకి లేపండి. పక్షికి కిందికి దూకడం తేలిక, పైకి తరమడం కష్టం.

ఎక్కడ లేపకూడదు

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకుపచ్చ జోన్‌లో 120 మీటర్ల దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరవచ్చు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 60 మీటర్లు. పసుపు, ఎరుపు జోన్లకు అనుమతి కావాలి. ఈ జోన్ల రంగులు చూపే ప్రభుత్వపు డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా ఈ ప్రాంతంలో లేపడం తెలివితక్కువ: గోపాల్‌పూర్‌లో సైన్యపు ఎయిర్ డిఫెన్స్ కళాశాల ఉంది, చిలికా ఒడ్డున నౌకాదళ శిక్షణ కేంద్రం ఉంది, సునాబేడలో యుద్ధవిమానాల ఇంజన్ల కర్మాగారం ఉంది, జయపురంలో విమానాశ్రయం ఉంది. కరెంటు ఉత్పత్తి చేసే ఆనకట్టల దగ్గర మ్యాప్ ఏ రంగు చూపించినా అక్కడి భద్రతా సిబ్బందిని అడగకుండా సంచి విప్పవద్దు.

చిలికాలోని నలబన పక్షుల అభయారణ్యం మీద, రుషికుల్య నదీముఖం దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లో అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఎగరవద్దు. బెదిరిన పక్షుల గుంపు ఒక్కసారిగా లేస్తే డ్రోన్ పోతుంది, అది చిన్న సంగతి. వలస వచ్చిన పక్షి దాచుకున్న సత్తువ ఖర్చయిపోవడం పెద్ద సంగతి.

తేలడానికి తగిలించే ఫోమ్ బుడగల విషయంలో ఒక మెలిక ఉంది. 249 గ్రాముల డ్రోన్ నానో తరగతి. దానికి బుడగలు తగిలించగానే 250 దాటి మైక్రో అవుతుంది. అప్పుడు థర్డ్ పార్టీ బీమా కావాలి. డబ్బు తీసుకుని పెళ్లి షూట్ చేస్తుంటే పైలట్ సర్టిఫికెట్ కూడా కావాలి. పైగా ఆ బుడగలు గాలిని పట్టుకుని ఎగిరే సమయాన్ని కోసేస్తాయి. గాలి లేని రిజర్వాయర్ మీద అవి పనికొస్తాయి, సముద్రం మీద అలకు తిరగబడితే ఏమీ కాపాడవు.

ఉప్పు, నల్ల ఇసుక

ఛత్రపురం దగ్గర తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి ఖనిజాలున్నాయి, అక్కడ వాటిని తవ్వి తీస్తారు. ఇల్మనైట్‌కు అయస్కాంతం వైపు లాగే గుణం కొంత ఉంది. డ్రోన్ మోటార్ల నిండా బలమైన అయస్కాంతాలే. ఒట్టి ఇసుక మీంచి లేపితే రెక్కల గాలికి లేచిన నల్ల రవ్వలు మోటారు లోపల అంటుకుని గరగరమంటాయి, వాటిని ఊదితే పోవు. కనీసం ఒక ప్లాస్టిక్ పట్టానైనా పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టండి, అది కూడా అల తాకని చోట. ఎగిరి వచ్చేసరికి ఆటుపోటు మారి హోమ్ పాయింట్ తడిసిపోవడం సముద్రం ఒడ్డున మామూలే.

ప్రతిసారీ ఇంటికొచ్చాక మంచినీటిలో పిండిన మెత్తటి గుడ్డతో ఒళ్లంతా తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడిచి, రెక్కలు ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడాలి. ఒకటి బరువుగా తిరిగితే దాని బేరింగులో ఉప్పో ఇసుకో చేరింది. కెమెరా లెన్స్ మీది ఉప్పు పొరను పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు తడి తగలాలి.

నీట పడితే ముందు యాప్‌లో చివరి స్థానం స్క్రీన్‌షాట్ తీసుకోండి. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధించారు కనుక పోయినదానికి బదులు అదే మోడల్ దొరకడం తేలిక కాదు, వెతకడం విలువైన పనే. దొరికితే ఆన్ చేసి చూడాలన్న ఆత్రం చంపుకోవాలి. ముందు బ్యాటరీ తీయాలి. ఉప్పునీటిలో పడితే, వింతగా అనిపించినా, వెంటనే మంచినీటితో కడగాలి. ఎండిన ఉప్పు సర్క్యూట్ బోర్డును తినేస్తుంది. తర్వాత కవర్ విప్పి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగి, నీడలో ఫ్యాన్ గాలికి మూడు రోజులు ఉంచాలి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల పిండి రేణువులు లోపలికి పోవడం తప్ప ప్రయోజనం లేదు.

బ్యాటరీ సంగతి వేరు. ఉప్పునీరు లోపలికి పోయిన లిథియం బ్యాటరీ పైకి బాగానే కనిపిస్తుంది, గంటల తర్వాత లోపల షార్ట్ అయి వేడెక్కుతుంది. దాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు, కారులోనూ ఇంట్లోనూ ఉంచకూడదు. పొడి ఇసుక నింపిన మట్టి కుండలో పెట్టి, కుండను పెరట్లో గడ్డివాముకు, వంటచెరుకుకు దూరంగా ఉంచి, ఉబ్బిందేమో రోజూ దూరం నుంచే చూసుకుంటూ, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇచ్చేయాలి.